హైదరాబాద్‌లో కొత్త కారు బేరం: డీలర్ లెక్క తెలుసుకుని మాట్లాడే పద్ధతి

షోరూమ్‌లో కూర్చోగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "డిస్కౌంట్ ఎంతిస్తారు?" అని. సేల్స్ కన్సల్టెంట్‌కు ఇంతకంటే సుఖమైన ప్రశ్న ఉండదు. కొటేషన్‌లో ఒక గీత (ఒక ఖర్చు రాసిన వరుస) మీద ఇరవై వేలు తగ్గించి చూపిస్తాడు, అదే కాగితంలో మరో నాలుగు గీతల మీద నలభై వేలు వెనక్కి లాగేస్తాడు. కొన్నవాళ్లు బేరం గెలిచామనుకుని ఇంటికి వెళ్తారు. అందుకే డిస్కౌంట్ గురించి అడిగే ముందు, ఈ కారు అమ్మితే డీలర్‌కు ఏయే దారుల్లో డబ్బు వస్తుందో తెలుసుకోవాలి. ఆ దారులు తెలిస్తే ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ వదిలేయాలో దానంతటదే తెలుస్తుంది.

డీలర్‌కు డబ్బు వచ్చే దారులు

మొదటిది మార్జిన్. ఎక్స్ షోరూమ్ ధర (రోడ్డు ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలవకముందు కారు ధర) మీద డీలర్‌కు మిగిలేది మోడల్‌ను బట్టి సాధారణంగా 3 నుంచి 6 శాతం. తొమ్మిది లక్షల కారు మీద 27 వేల నుంచి 54 వేలు అన్నమాట. సోమాజిగూడలోనో కొండాపూర్‌లోనో మెయిన్ రోడ్డు మీదున్న షోరూమ్ అద్దె, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ ఇందులోంచే పోవాలి. కాబట్టి "లక్ష తగ్గించండి" అని అడిగితే డీలర్ జేబులోంచి లక్ష రాదు. ఏదైనా మోడల్ మీద నిజంగా లక్ష తగ్గుతోందంటే, అందులో పెద్ద భాగం కంపెనీ ఇస్తున్న డబ్బు.

ఆ కంపెనీ డబ్బు రెండో దారి. కన్స్యూమర్ ఆఫర్, ఎక్స్‌ఛేంజ్ బోనస్, లాయల్టీ బోనస్, కార్పొరేట్ ఆఫర్ లాంటి పేర్లతో కంపెనీ ప్రతి నెలా ఒక స్కీమ్ సర్క్యులర్ పంపుతుంది. మీకు అర్హత ఉన్న ప్రతి ఆఫరూ పూర్తిగా మీకే రావాలి. ఇది డీలర్ మీకు చేస్తున్న ఉపకారం కాదు, మీ తరఫున కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసుకునే మొత్తం. జరిగే తప్పు ఏమిటంటే, మీకు కార్పొరేట్ ఆఫర్ వర్తిస్తుందని చెప్పకుండా అయిదు వేలు "స్పెషల్ డిస్కౌంట్" అని ఇచ్చి, లోపల దాన్నే కార్పొరేట్ కింద క్లెయిమ్ చేసుకోవడం. మీరు పోరాడి సాధించుకున్నారనుకున్నది మొదటి నుంచీ మీదే.

మూడోది టార్గెట్ బోనస్. నెల చివరి రోజుల ఆరాటమంతా దీని కోసమే. ఒక డీలర్‌కు ఈ నెల 60 కార్లు టార్గెట్, అది చేరితే అమ్మిన ప్రతి కారు మీదా 5,000 బోనస్ అనుకుందాం. 29వ తేదీకి 58 దగ్గర ఆగిపోయాడు. మిగిలిన రెండు కార్లు అమ్మితే మూడు లక్షలు వస్తాయి, అమ్మకపోతే ఏమీ రాదు. ఆ రెండు కార్లలో మీది ఒకటైతే, దాని మీద మార్జిన్ మొత్తం వదులుకున్నా అతనికి లాభమే. అదే డీలర్ 25వ తేదీకే 64 కార్లు అమ్మేసి ఉంటే నెలాఖరుకు వెళ్లినా మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నెలాఖరు అన్నది ఒక అవకాశమే తప్ప హామీ కాదు. అందుకే ఒక్క డీలర్ దగ్గరే ఆగకూడదు.

నాలుగోది చాలామంది పట్టించుకోని వడ్డీ లెక్క. స్టాక్‌యార్డులో నిలబడిన కార్లు చాలావరకు బ్యాంకు అప్పుతో తెచ్చినవి. కొద్ది వారాలు గడువు ఉంటుంది, అది దాటితే వడ్డీ మొదలు. పది లక్షల కారు మీద ఏడాదికి 10 శాతం వడ్డీ వేసుకున్నా నెలకు సుమారు 8,300. మూడు నెలలు నిలబడితే పాతిక వేలు, అంటే మార్జిన్‌లో సగం హరించుకుపోయినట్టే. ఎవరూ అడగని రంగు, ఎక్కువగా పోని వేరియంట్, మాన్యువల్ గేర్ ఉన్న టాప్ మోడల్ లాంటివి యార్డులో ఉంటే డీలర్ గొంతు మెత్తబడుతుంది. తెలుపే కావాలని పట్టుబట్టనివాళ్లకు ఇక్కడ మంచి ధర దొరుకుతుంది.

అయిదో దారిలో ఇన్సూరెన్స్ కమీషన్, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే పేఅవుట్, యాక్సెసరీస్ లాభం, ఎక్స్‌టెండెడ్ వారంటీ, పాత కారు తిరిగి అమ్మడంలో వచ్చే తేడా అన్నీ కలిసి ఉంటాయి. కారు మీద మిగలనిది డీలర్‌కు ఇక్కడ మిగులుతుంది. మీ ఎదురుగా కూర్చున్న కుర్రాడి ఇన్సెంటివ్ కూడా ఎన్ని కార్లు అమ్మాడన్న దానితో పాటు, వాటిలో ఎన్నింటికి ఇన్సూరెన్స్, లోన్, యాక్సెసరీస్ అంటగట్టాడన్న దాని మీద ఉంటుంది. "ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే ఆఫర్ రాదు సార్" అనే మాట పుట్టేది ఇక్కడే.

ఎప్పుడు వెళ్లాలి

మన దగ్గర కారు కొనుగోలు క్యాలెండర్‌తో పాటు పంచాంగం మీద కూడా నడుస్తుంది. ఆషాఢం, పుష్యం లాంటి శూన్యమాసాల్లో, వినాయక చవితి దాటాక వచ్చే మహాలయ పక్షంలో, మూఢంలో బండి తీసేవాళ్లు తక్కువ. షోరూమ్ మాత్రం ఆ నెల కూడా టార్గెట్ కొట్టాలి. శ్రావణ శుక్రవారాలకు, దసరాకు, ధనత్రయోదశికి, ఉగాదికి డెలివరీ స్లాట్ దొరకడమే కష్టం. ఆ రోజుల్లో బేరమాడితే వినే తీరిక కూడా ఎవరికీ ఉండదు.

పట్టింపు ఉన్నవాళ్లకు మధ్యే మార్గం ఒకటుంది. ఆషాఢం నెలాఖరులో ధర ఖాయం చేసుకుని, బిల్లింగ్ చేయించి, శ్రావణంలో మంచి రోజు చూసుకుని డెలివరీ తీసుకోవడం. డీలర్‌కు ఆ నెల లెక్కలో కారు పడుతుంది, మీకు ధర దక్కుతుంది. జాగ్రత్త ఒకటే: బిల్లు అయిన రోజు నుంచి కారు మీ పేరు మీద ఉంటుంది, ఇన్సూరెన్స్ మొదలైపోతుంది, కొన్ని కంపెనీల్లో వారంటీ కూడా. కాబట్టి డెలివరీ వరకు కారుకు గీత పడినా, ఎలుక వైరు కొరికినా బాధ్యత డీలర్‌దేనని లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. ఈ ఆలస్యం ఒకటి రెండు వారాలు మించకుండా చూసుకోండి.

డిసెంబరు సంగతి వేరు. జనవరి రాగానే యార్డులో ఉన్న కారు "పోయిన ఏడాది కారు" అవుతుంది, ఆర్సీ మీద తయారీ నెల, సంవత్సరం అలాగే పడతాయి. దాదాపు కంపెనీలన్నీ జనవరిలో ధర పెంచుతామని కూడా అప్పుడే ప్రకటిస్తాయి. ఎనిమిది పదేళ్లు వాడుకునేవాళ్లు పాత ఏడాది తయారీ కారును నిశ్చింతగా తీసుకోవచ్చు. మూడు నాలుగేళ్లకే మార్చే అలవాటుంటే ఎక్స్ షోరూమ్ ధరలో కనీసం 5 శాతం తగ్గితే తప్ప దాని జోలికి వెళ్లకపోవడం మంచిది, అమ్మేటప్పుడు ఆ ఏడాది తేడా మీ మీదే పడుతుంది.

నెలల తరబడి వెయిటింగ్ ఉన్న మోడల్ మీద ధర బేరం వృథా. దాని విషయంలో కింద చెప్పే మిగతా గీతల మీదే దృష్టి పెట్టండి.

షోరూమ్‌కు వెళ్లేముందు

వేరియంట్ ఖాయం చేసుకోవాలి. "ఇదా, అదా" అన్న స్థితిలో బేరం మొదలుపెడితే మాట్లాడుతున్నది దేని ధరో మీకే తెలియకుండా పోతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ ఎక్స్ షోరూమ్ ధర చూసి రాసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని కార్లకు 18 శాతం, మిగతావాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. వెబ్‌సైట్ ధరలో ఇది కలిసే ఉంటుంది. ఎవరైనా జీఎస్టీ విడిగా అడిగితే అక్కడితో లేచి వచ్చేయొచ్చు.

తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు ట్యాక్స్) కారు ధరను బట్టి శ్లాబుల్లో ఉంటుంది. 5 లక్షల నుంచి 10 లక్షల మధ్య 14 శాతం. పది లక్షలు దాటగానే శ్లాబు మారిపోతుంది, ఇక్కడే చాలామంది చేయి కాల్చుకుంటారు. 9.95 లక్షల వేరియంట్‌కూ 10.05 లక్షల వేరియంట్‌కూ ధరలో తేడా పది వేలే, కానీ లైఫ్ ట్యాక్స్ మాత్రం ముప్పై వేలకు పైగా పెరుగుతుంది. పైగా పది లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపన్ను) కూడా కట్టాలి. టీసీఎస్ పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు మీద పాన్ నంబరు తప్పుపడితే మాత్రం దాని వెంట తిరగాల్సి వస్తుంది. పది లక్షల అంచున ఉన్న వేరియంట్లు చూస్తున్నవాళ్లు సన్‌రూఫ్ విలువెంతో ఈ లెక్క వేశాకే తేల్చుకోండి.

మీ పేరు మీద ఇప్పటికే బండి ఉంటే రెండో వాహనానికి అదనంగా 2 శాతం పడుతుంది. బండి లేని జీవిత భాగస్వామి పేరు మీద తీసుకోవడం వీలైతే ఆ సంగతి బుకింగ్‌కు ముందే తేల్చుకోవాలి, పేరు తర్వాత మార్చడం ఇబ్బంది. ఎలక్ట్రిక్ కార్లకు 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. ఆ గడువులో ఎలక్ట్రిక్ కారు కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్ గీత ఉందంటే అది తప్పు.

మీకు వర్తించే ఆఫర్ల జాబితా కూడా ఇంట్లోనే రాసుకోండి. గచ్చిబౌలి, మాదాపూర్ ఐటీ ఉద్యోగులకే కార్పొరేట్ ఆఫర్ అనుకుంటారు గానీ ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు, బ్యాంకు సిబ్బందికి కూడా చాలా కంపెనీలు ఇస్తాయి. ఐడీ కార్డు, పేస్లిప్ దగ్గర పెట్టుకుంటే చాలు. సికింద్రాబాద్ వైపు సైన్యంలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు షోరూమ్‌కు వెళ్లేముందు సీఎస్‌డీ (సైనిక క్యాంటీన్ల సంస్థ) వాళ్ల ఏఎఫ్‌డీ పోర్టల్‌లో ఆ మోడల్ ధర చూడాలి. అక్కడ దొరికే ధరకు సాధారణంగా డీలర్లు దిగలేరు.

కొటేషన్‌ను గీత గీతగా విప్పడం

కొటేషన్ ప్రింటు తీయించి, సంతకంతో తీసుకోండి. విజిటింగ్ కార్డు వెనక పెన్సిల్‌తో రాసిచ్చిన అంకెకు విలువ లేదు. మూడు వేర్వేరు డీలర్ల దగ్గర ఇలా తీసుకోవాలి. కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, బేగంపేట బోర్డులు వేరుగా కనిపించినా యజమాని ఒకరే కావచ్చు. ఒకే గ్రూపు బ్రాంచీలైతే మీ ఫోన్ నంబరు కొట్టగానే వెనకటి కొటేషన్ స్క్రీన్ మీద వస్తుంది. పోటీ ఉండాలంటే యాజమాన్యాలు వేరుగా ఉండాలి.

ఒక ఊహా కొటేషన్ చూద్దాం. ఎక్స్ షోరూమ్ 9,00,000. లైఫ్ ట్యాక్స్ 1,26,000. ఇన్సూరెన్స్ 46,000. రిజిస్ట్రేషన్ ఖర్చులు 6,500. హ్యాండ్లింగ్ లేదా లాజిస్టిక్స్ 8,500. ఎసెన్షియల్ కిట్ 22,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,000. ఫాస్టాగ్ 600. మొత్తం 11,23,600. అందులో కన్స్యూమర్ ఆఫర్ 20,000 తీసేసి 11,03,600 అని గుండ్రంగా చుట్టి మీ ముందు పెట్టారు.

ఎక్స్ షోరూమ్, లైఫ్ ట్యాక్స్ గీతల్లో చేయగలిగేది సరిచూసుకోవడమే.

రిజిస్ట్రేషన్ గీత దగ్గర ఆగండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600, లోన్ ఉంటే హైపోథికేషన్ (బండి బ్యాంకు తనఖాలో ఉందన్న) నమోదుకు 1,500, స్మార్ట్ కార్డుకు 200. వీటికి రాష్ట్రం తీసుకునే సర్వీస్ చార్జీలు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) ఫీజు, పోస్టేజీ కలుస్తాయి. అంతకు మించి ఉన్నది షోరూమ్ వాళ్ల "ఏజెంట్ ఖర్చు". "రసీదు ఎంతుంటే అంత కడతా, రసీదు కాపీ ఇవ్వండి" అంటే ఆ అంకె అప్పటికప్పుడే దిగుతుంది. హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండితో పాటు తయారీదారే ఇవ్వాలి. ప్లేట్ల పేరుతో వేరే గీత కనిపిస్తే ఎందుకని అడగండి.

హ్యాండ్లింగ్ చార్జీ మీద ఒక్క రూపాయి కూడా ఒప్పుకోవద్దు. ఫ్యాక్టరీ నుంచి షోరూమ్ దాకా కారు తెచ్చే ఖర్చు ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంది. ఇలా వసూలు చేసిన డబ్బును తిరిగి ఇమ్మని వినియోగదారుల కమిషన్లు ఆదేశించిన సందర్భాలున్నాయి. సేల్స్‌వాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే గట్టిగా అడిగితే అది మాయమై యాక్సెసరీస్ గీతలోకో ఇన్సూరెన్స్ గీతలోకో జారుకుంటుంది. ఒక గీత తగ్గినప్పుడల్లా కింద మొత్తం కూడా అంతే తగ్గిందా అని ఫోన్‌లో కూడి చూసుకోండి.

ఎసెన్షియల్ కిట్ తప్పనిసరి కాదు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, డోర్ వైజర్ల వరకు అవసరమే, అయిదు వేల చిల్లర పని. సీట్ కవర్లు, కెమెరా, అండర్‌బాడీ కోటింగ్ లాంటివి బయట కార్ డెకార్ దుకాణాల్లో చాలా తక్కువకు అవుతాయి. ఒక్క జాగ్రత్త: వైరు కోసి బిగించే పని ఏదైనా బయట చేయిస్తే ఎలక్ట్రికల్ వారంటీకి ఎసరు వస్తుంది. అలాంటి వస్తువులు షోరూమ్‌లోనే బిగించుకోండి. "ఇరవై వేల యాక్సెసరీస్ ఫ్రీ" అన్న ఆఫర్ వస్తే, వాటి బదులు పది వేలు బిల్లులో తగ్గించమనండి. చాలాసార్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లకు ఆ వస్తువులు పడేది దాదాపు అంతే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ మంచిదే, కానీ ఆ రోజే తీసుకోనక్కర్లేదు. చాలా కంపెనీల్లో మామూలు వారంటీ నడుస్తున్నంత కాలం కొనుక్కోవచ్చు, ఆలస్యమయ్యేకొద్దీ కొంత పెరుగుతుంది. బేరంలో దాన్ని పక్కన పెట్టి, చివర్లో కావాలంటే కలుపుకోండి.

ఇన్సూరెన్స్: అన్నిటికంటే పెద్ద గీత

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) చట్టప్రకారం ఉండాలి, దానికి తోడు ఏడాది ఓన్ డ్యామేజీ (మీ కారుకు జరిగే నష్టానికి) తీసుకుంటారు. థర్డ్ పార్టీ ప్రీమియం ఎక్కడ తీసుకున్నా ఒకటే, 2022లో ప్రకటించిన రేట్లలో మూడేళ్లకు 1,000 సీసీ లోపు కార్లకు 6,521, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య 10,640, ఆపైన 24,596, జీఎస్టీ అదనం. అంటే 46,000 కొటేషన్‌లో బేరానికి తావున్నది ఓన్ డ్యామేజీ, యాడ్-ఆన్‌ల భాగంలోనే. కమీషన్ ఉన్నదీ అక్కడే.

బయట కోట్ తీసుకునేటప్పుడు అన్నిటికంటే ముందు ఐడీవీ (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ) చూడండి. కొత్త కారుకు ఎక్స్ షోరూమ్‌లో 95 శాతం, అంటే మన ఉదాహరణలో 8,55,000 ఉండాలి. ఐడీవీ ఏడు లక్షలకు తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తే అది ఆదా కాదు, కారు పూర్తిగా పోయినప్పుడు లక్షన్నర మీ నెత్తిన పడుతుంది. జీరో డెప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టని కవర్) తీసుకోవాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా ఈ ఊళ్లో వదలకూడదు. 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో మునిగిన కార్లు అందరికీ గుర్తుండే ఉంటాయి. నీళ్లలో ఇంజిన్ స్టార్ట్ చేస్తే లోపలికి నీరెళ్లి ఇంజిన్ పోతుంది, ఆ నష్టం మామూలు పాలసీలో రాదు. రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే కవర్) మొదటి మూడేళ్లు ఉపయోగం. తాళంచెవి, టైరు, సామాన్ల కవర్లు ఇష్టమైతేనే. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ మీకు వేరే పాలసీలో ఇప్పటికే ఉంటే ఇక్కడ మళ్లీ కట్టక్కర్లేదు.

పాత కారు అమ్మేస్తున్నవాళ్లు మరిచిపోయే డబ్బు ఒకటుంది, నో క్లెయిమ్ బోనస్. అది కారుది కాదు, యజమానిది. పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ తెచ్చుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గుతుంది, మూడేళ్ల లోపు వాడుకోవచ్చు.

ఈ కవర్లన్నీ సమానంగా పెట్టి తీసిన బయటి కోట్ 33,000 వచ్చిందనుకుందాం. దాన్ని షోరూమ్‌లో చూపించండి. తరచు అదే కంపెనీ పాలసీని వాళ్లే దగ్గరి ధరకు దింపుతారు. తేడా రెండు మూడు వేలకు వస్తే డీలర్ దగ్గరే తీసుకోవడం మేలు. క్లెయిమ్ రోజున అదే వర్క్‌షాప్‌లోని ఇన్సూరెన్స్ డెస్క్ మీ పని చేసి పెడుతుంది. దింపకపోతే బయటే తీసుకోండి, బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. "ఇన్సూరెన్స్ మా దగ్గరైతేనే ఈ ఆఫర్ సార్" అంటే, "ఆ షరతు కొటేషన్ మీద రాసి సీలు వేసివ్వండి" అని నెమ్మదిగా అడగండి. రాసివ్వరు.

బయటి పాలసీ తీయాలంటే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కావాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. టీఆర్ తీసే రోజు సాయంత్రం దాకా ఆ నంబర్లు ఇవ్వకుండా నానబెట్టి, "ఇప్పుడు పాలసీ లేకపోతే రేపటి ముహూర్తానికి బండి రాదు సార్" అంటారు. మంచి రోజు చేజారిపోతుందన్న భయంతో అందరూ ఒప్పుకుంటారు. బుకింగ్ ఫారం మీదే "బిల్లింగ్‌కు రెండు రోజుల ముందు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఇస్తారు" అని రాయించుకుంటే ఈ ఉచ్చు ఉండదు.

లోన్, పాత కారు

షోరూమ్‌కు వెళ్లేముందే మీ జీతం పడే బ్యాంకులో లోన్ శాంక్షన్ తెచ్చుకోండి, కొనకపోయినా నష్టం లేదు. 8 లక్షల లోన్ అయిదేళ్లకు 9 శాతం అయితే ఈఎంఐ సుమారు 16,607, 9.5 శాతం అయితే 16,801. నెలకు 194 రూపాయలే కదా అనిపిస్తుంది, అయిదేళ్లలో సుమారు 11,700 అవుతుంది. డీలర్ తెచ్చే బ్యాంకు ఇంతకంటే తక్కువ వడ్డీ ఇస్తే హాయిగా తీసుకోండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే చార్జీ, లోన్‌లో కలిపేసిన లైఫ్ కవర్ ఉందా అన్నవి చూడండి. ఈఎంఐ అంకె చూపిస్తూ ధర మాట్లాడేవాళ్లతో మాత్రం ధర తేలేవరకు ఈఎంఐ మాట ఎత్తవద్దు.

ఎక్స్‌ఛేంజ్ చేసేవాళ్లు కొత్త కారు ధర పూర్తిగా తేలాకే పాత కారు సంగతి తీయాలి. రెండూ కలిపి మాట్లాడితే బోనస్ నలభై వేలు ఇచ్చి, పాత కారు విలువలో అరవై వేలు కోసేస్తారు. ముందే సెకండ్ హ్యాండ్ కార్లు కొనే రెండు మూడు సంస్థల దగ్గర ధర కట్టించుకోండి. కారు బయట అమ్మి, ఆర్సీ బదిలీ కాగితం చూపించినా బోనస్ ఇచ్చే స్కీములు కొన్ని కంపెనీలకు ఉన్నాయి, అడగండి. ఎవరికి ఇచ్చినా ఫారం 29, 30 (యాజమాన్య బదిలీ కాగితాలు) మీద సంతకాలు పెట్టి, డెలివరీ నోట్ తీసుకుని, చలాన్లు తీర్చేసి, ఆర్సీ పేరు మారేదాకా వెంటపడాలి. లేకపోతే రేపు ఆ బండి ఎక్కడ ఎవరిని గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

మాట్లాడే రోజు

మన ఉదాహరణలో ఇప్పటిదాకా చేసిన పని కూడి చూడండి. ఇన్సూరెన్స్‌లో 13,000, రిజిస్ట్రేషన్‌లో 3,500, హ్యాండ్లింగ్ 8,500, కిట్‌లో 17,000. కారు ధర ముట్టుకోకుండానే 42,000 తగ్గింది. వారంటీ పక్కన పెడితే మరో 14,000 ఈ రోజు కట్టక్కర్లేదు. అర్హత ఉన్న కార్పొరేట్ ఆఫర్ 5,000. ఇప్పుడు డీలర్ మార్జిన్‌లోంచి అడగాల్సింది 10,000 మాత్రమే. మొత్తం 10,32,600.

ఆ పది వేలు అడిగే పద్ధతి ఉంది. నెల చివరి వారంలో, శని ఆదివారాల రద్దీ కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. ధర ఖాయం చేసే అధికారం కన్సల్టెంట్‌కు ఉండదు, టీమ్ లీడర్‌కు కొంత, సేల్స్ మేనేజర్‌కు ఎక్కువ. కాబట్టి మేనేజర్ దగ్గర కూర్చున్నాకే చివరి అంకె బయటపెట్టండి. ఆ మాట ఒకే ఒక అంకెలో ఉండాలి: "ఆన్ రోడ్ 10,32,000, ఇన్సూరెన్స్ ఈ కవర్లతో, యాక్సెసరీస్ ఈ మూడే. ఒప్పుకుంటే బుకింగ్ డబ్బు ఇప్పుడే కడతా." ఆ తర్వాత మౌనంగా ఉండండి. "ఈరోజు ఒక్కరోజే ఆఫర్" అంటే తొందరపడవద్దు. స్కీములు సాధారణంగా నెల చివరిదాకా ఉంటాయి, ఈరోజున్న ధర రేపూ ఉంటుంది. కుదరకపోతే నమస్కారం పెట్టి లేచి రండి. టార్గెట్‌కు కార్లు తక్కువైనవాళ్లు నెలలోపు ఫోన్ చేస్తారు. కన్సల్టెంట్‌తో మర్యాదగా ఉండండి. రేపు డెలివరీ పనులన్నీ చూసేది ఆ అబ్బాయో అమ్మాయో, మేనేజర్ కాదు.

బుకింగ్ నుంచి డెలివరీ దాకా

బుకింగ్ ఫారం మీద వేరియంట్, రంగు, ఆన్ రోడ్ మొత్తం గీతలవారీగా, తయారీ నెల, డెలివరీ తేదీ, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందో రాయించాలి. ఫారం వెనక చిన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది. నెల దాటే ప్రమాదముంటే ధర పెరిగితే ఎవరు భరించాలో ముందే రాసుకోండి. డబ్బు డీలర్‌షిప్ కంపెనీ ఖాతాకే పంపాలి, సేల్స్ మనిషి సొంత యూపీఐకి పైసా వేయొద్దు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు.

బిల్లింగ్‌కు ముందు యార్డుకు వెళ్లి, మీకు కేటాయించిన ఛాసిస్ నంబరున్న కారును పగటి వెలుతురులో చూడండి. ఓడోమీటర్ వంద లోపు ఉండాలి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 1825 అంటే 2025లో 18వ వారం తయారీ. అయిదు టైర్లు, అద్దాల మీది తేదీలు కారు తయారీ నెలకు దగ్గరగా ఉన్నాయో లేదో చూడండి. బంపర్ అంచుల్లో, డోర్ల సందుల్లో రంగు తేడా ఉందా, బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయా అన్నది గమనించండి. ఏసీ, అన్ని లైట్లు, కెమెరా, రెండు తాళంచెవులు. లోపం కనపడితే వేరే కారు అడిగే వీలు బిల్లు కాకముందే ఉంటుంది. టీఆర్ తీశాక అది మీ బండి.

డెలివరీ రోజు ఇన్‌వాయిస్‌లో డిస్కౌంట్ కనపడాలి, "తర్వాత ఖాతాలో వేస్తాం" అంటే తేదీతో లెటర్ కావాలి. ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్) మీద తయారీ నెల చూసుకుని, ఫారం 22 (బండి రోడ్డుకు యోగ్యమన్న సర్టిఫికెట్), పాలసీ, లైఫ్ ట్యాక్స్ రసీదు తీసుకోండి. రసీదులో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకుని ఉంటే అక్కడే లెక్క తేల్చమనండి. ఇవ్వకపోతే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, కొటేషన్, రసీదు రెండూ చేతిలో ఉంటే చాలా గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి. లేకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు.

కొద్ది రోజులకు కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, కొనుగోలు ఎలా జరిగిందో పదికి మార్కులు వేయమని. "పదికి పది ఇవ్వండి సార్" అని షోరూమ్ వాళ్లు ముందే బతిమాలడానికి కారణం, ఆ మార్కుల మీద డీలర్‌కు వేరే బోనస్ ఉండటమే. ఆర్సీ, నంబరు ప్లేట్లు, రావాల్సిన రిఫండ్, బిగించని యాక్సెసరీ ఏది బాకీ ఉన్నా కాగితం మీద రాసి, మార్కులు వేసేది అవి చేతికొచ్చాకేనని కన్సల్టెంట్‌కు ముందే చెప్పండి. ఆ ఫోన్ వచ్చేలోపు పనులు పూర్తవుతాయి.